మూడో కాపీ ఎక్కడుంది?

రెయిడ్ అనే పొట్టిపేరులో మూడో ఇంగ్లీషు అక్షరం ‘ఐ’. 1988లో ఆ పేరు పుట్టినప్పుడు ఆ అక్షరానికి అర్థం ‘ఇనెక్స్‌పెన్సివ్’, అంటే చవకైన. ఇవాళ సర్వర్ల మాన్యువల్ ఏది తెరిచినా అక్కడ ‘ఇండిపెండెంట్’ అని ఉంటుంది. డిస్కులు అమ్మేవాళ్లకి తమ సరుకుని తామే చవకరకం అని పిలుచుకోవడం నచ్చక మార్చేశారని చెప్తారు. నవ్వొచ్చే సంగతే గానీ, ఆ ఒక్క మాట మారడంతో చాలా పెద్ద విషయం కప్పడిపోయిందని నాకనిపిస్తుంది. చవక అన్నది బిల్లు చూస్తే తెలిసిపోతుంది. ఒక డిస్కు పాడవడానికీ పక్క డిస్కు పాడవడానికీ సంబంధం లేదు, అవి ‘స్వతంత్రం’ అన్నది మాత్రం వట్టి ఊహ. ఆ తర్వాతి ముప్ఫై అయిదేళ్ల డేటా స్టోరేజ్ చరిత్రని ఆ ఊహ ఎక్కడెక్కడ తప్పిందో ఒక్కొక్కటిగా కనిపెట్టుకుంటూ వచ్చిన కథగా చదవొచ్చు.

సాహిత్య పత్రికలో ఈ గొడవంతా ఎందుకు అంటారా? మనం చదివే పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఇప్పుడు మనకి అందుబాటులో ఉన్న రూపం ఇలాంటి డిస్కుల మీద ఉన్న స్కాన్ ఒక్కటే. అక్కడికి వస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్ అది. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకి ఐబీఎం 3380 అని బీరువా అంత డిస్కు ఉండేది. అందులో పట్టేది ఏడున్నర గిగాబైట్లు. ఇంకోపక్క పర్సనల్ కంప్యూటర్ల కోసం కానర్ అనే కంపెనీ చేసిన చిన్న డిస్కు, 100 మెగాబైట్లది, మార్కెట్లోకి వచ్చింది. చిన్నవి డెబ్భై అయిదు కలిపితే పెద్దదానంత చోటు, తక్కువ కరెంటు, ఎక్కువ వేగం. మరి చిక్కెక్కడ? ఒక్కో చిన్న డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందని కంపెనీ చెప్పింది. అలాంటివి వంద పక్కపక్కన పెడితే, వాటిలో ఏదో ఒకటి పాడవడానికి పట్టే సగటు కాలం 300 గంటలు. రెండు వారాలు కూడా కాదు. బీరువా మాత్రం మూడేళ్లకి పైగా నిలబడుతుంది.

మనకి తెలిసిన పోలిక ఒకటి ఉంది. తాళ్లపాక వారి సంకీర్తనలని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భాండాగారంలో దాచారు. ఖరీదైన, గట్టి వస్తువు మీద రాసి ఒక్కచోట భద్రం చేయడం, అంటే ఐబీఎం బీరువా పద్ధతి. మిగతా సాహిత్యమంతా తాటాకుల మీద బతికింది. తాటాకు చవక, పురుగు తినేస్తుంది, కొన్ని తరాలకోసారి ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ రాసుకోవాలి. రాగిరేకులు చెడలేదు, నిజమే. కానీ అవి ఉన్నాయన్న సంగతే లోకం మర్చిపోయింది. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు బయటికి తీసేదాకా ఆ పాటల్లో చాలావాటికి పాడే గొంతు లేదు. అన్నమయ్య 32 వేలు రాశాడంటారు. దొరికినవి అందులో సగం కూడా లేవు. రాగిని నమ్మాలా, తాటాకుని నమ్మాలా అన్న ప్రశ్ననే ప్యాటర్సన్ బృందం 1988లో ఇంకో రూపంలో వేసుకుంది. వాళ్లు తాటాకు వైపు మొగ్గారు. మొగ్గుతూ ఒక షరతు పెట్టారు: విడిగా ఒక డిస్కు మీద మిగతావాటి ‘మొత్తం’ రాసిపెట్టుకోవాలి. పది అంకెలూ, వాటి కూడికా రాసుంటే, మధ్యలో ఒక అంకె చెరిగిపోయినా తీసివేతతో రాబట్టొచ్చు కదా, అంతే. పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టి, లెక్క కట్టి నింపేలోపు రెండోది పోకూడదు. రెండోది అంత త్వరగా పోదని చెప్పడానికి వాళ్లు వాడిన సూత్రంలోనే ఉంది ‘స్వతంత్రం’ అన్న మాట. దాన్ని వాళ్లు దాచలేదు. ఊహ అనే రాశారు.

ఈ ‘మొత్తం రాసిపెట్టుకోవడం’ వాళ్ల సొంత కల్పన కాదు. దాని వెనకాల నలభై ఏళ్ల కథ ఉంది. 1947 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ అనే ఆయనకి రిలే కంప్యూటర్ వాడుకునే అవకాశం శనాదివారాల్లోనే దొరికేది. ఆ మెషీన్ తన తప్పు తనే పట్టుకోగలదు. మామూలు రోజుల్లో అయితే తప్పు దొరకగానే ఆగిపోతుంది, ఆపరేటర్ వచ్చి సరిచేస్తాడు. వారాంతంలో ఎవరూ ఉండరు కాబట్టి ఆ పనిని వదిలేసి తర్వాతి పనికి వెళ్లిపోతుంది. హ్యామింగ్ సోమవారం వచ్చి చూస్తే ఏమీ జరిగి ఉండేది కాదు. అలా రెండు వారాంతాలు పోయాక ఆయనకి ఒళ్లుమండింది. తప్పు జరిగిందని తెలుసుకోగలిగిన మెషీన్, అది ఎక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకోలేదా? 1950లో వచ్చిన ఆయన పేపర్ ఆ చిరాకులోంచి పుట్టింది. నాకు తెలిసి కంప్యూటర్ సైన్స్‌లో వారాంతం పాడైపోవడం వల్ల జరిగిన మేలుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పదేళ్ల తర్వాత, 1960లో, ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అయిదు పేజీల పేపర్ ఒకటి వేశారు. దాని కిటుకు పదో తరగతి లెక్కలతోనే అర్థమవుతుంది. మీ దగ్గర 5, 8 అనే రెండు అంకెలున్నాయి. గ్రాఫ్ కాగితం మీద 1 దగ్గర 5, 2 దగ్గర 8 చుక్కలు పెట్టి గీత గీయండి. ఆ గీత 3 దగ్గర 11 మీదుగా, 4 దగ్గర 14 మీదుగా పోతుంది. ఇప్పుడు ఈ నాలుగు అంకెల్నీ నాలుగు ఊళ్లలో దాచండి. ఏ రెండు ఊళ్లు మునిగిపోయినా ఫర్వాలేదు, మిగిలిన రెండు చుక్కలు కలిపితే అదే గీత వస్తుంది. రెండింతల చోటుతో ఏ రెండు నష్టాలనైనా తట్టుకున్నాం. అదే రెండింతల చోటులో ప్రతి అంకెకీ రెండేసి కాపీలు పెట్టుకుని ఉంటే, 5 ఉన్న రెండు ఊళ్లూ మునిగితే 5 ఇక రాదు. అసలు పద్ధతిలో గీతకి బదులు పెద్ద బహుపదులుంటాయి, అంకెలు ఒక హద్దు దాటి పెరగకుండా వేరే రకం అంకగణితం వాడతారు. సారం మాత్రం ఇదే. 1982 నుంచి మనం విన్న ప్రతి సీడీ మీద గీతలు పడ్డా పాట ఆగకపోవడానికీ, వాయేజర్ యురేనస్ దగ్గర్నుంచి పంపిన బొమ్మలు చెక్కుచెదరకుండా రావడానికీ ఈ లెక్కే కారణం.

ఇంత చక్కటి లెక్క చేతిలో ఉండగా 2003లో గూగుల్ ఇంజనీర్లు ఏం చేశారయ్యా అంటే, మూడు కాపీలు తీసిపెట్టారు. సంజయ్ ఘెమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-టాక్ లెంగ్ రాసిన గూగుల్ ఫైల్ సిస్టమ్ పేపర్ నా తరం ఇంజనీర్లకి దాదాపు బాలశిక్ష. ఫైలుని 64 మెగాబైట్ల ముక్కలు చేయి, ఒక్కో ముక్కని మూడు మెషీన్ల మీద పెట్టు, ఒకటి పోతే మిగిలినవాటి నుంచి ఇంకోటి తయారు చేయి. ఎందుకంత మోటు పద్ధతి? వందల కొద్దీ చవక మెషీన్లలో ఎప్పుడూ ఏదో ఒకటి పాడై ఉంటుంది, అది మామూలే అనుకుని డిజైన్ చేయాలి అన్నారు వాళ్లు. పాడైనప్పుడు లెక్కలు కడుతూ కూర్చోవడం కన్నా పక్క కాపీ చదువుకోవడం తేలిక. చోటు మూడింతలైనా పని సులువు. దాన్ని చూసి తయారైన హడూప్ కూడా అదే 3ని డిఫాల్ట్‌గా పెట్టుకుంది. ఆ తర్వాత ఎంతమంది ఆ అంకెని ముట్టుకోకుండా వదిలేశారో లెక్కలేదు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో 3 అన్నది చేతిరాతలో శ్రీకారంలా అయిపోయింది.

మూడంటే చాలా భద్రంగానే అనిపిస్తుంది. ఊరికే లెక్క కోసం, ఏడాదిలో ఒక డిస్కు పోయే అవకాశం నూటికి 2 అనుకుందాం. మధ్యలో ఎవరూ బాగుచేయకపోయినా, మూడూ పోవడానికి అవకాశం 0.02ని మూడుసార్లు గుణిస్తే వచ్చేది, పది లక్షల్లో 8. బ్రహ్మాండం. ఇప్పుడు ఆ మూడు డిస్కులున్న గది ఏడాదిలో తగలబడే అవకాశం వెయ్యికి ఒకటి అనుకోండి. అది పది లక్షల్లో 1000. నాలుగో కాపీ, అయిదో కాపీ అదే గదిలో పెట్టుకుంటూ పోతే మొదటి అంకె సున్నా వైపు పరిగెడుతుంది. రెండోది అంగుళం కదలదు. గుణించడానికి మనకి హక్కు ఇచ్చేది ‘స్వతంత్రం’ అన్న ఊహే. అది లేకపోతే గుణకారమే లేదు.

ఆ ఊహని దెబ్బతీసిన పేపర్లలో నాకు బాగా నచ్చింది 2007లో వచ్చినది. బియాంకా ష్రోడర్‌తో కలిసి దాన్ని రాసింది ఎవరో కాదు, 1988 పేపర్‌లోని గార్త్ గిబ్సనే. పందొమ్మిదేళ్ల తర్వాత ఆయన కార్నెగీ మెలన్‌లో కూర్చుని దాదాపు లక్ష డిస్కుల రికార్డులు ముందేసుకున్నాడు. కంపెనీలు తమ డిస్కు సగటు ఆయుష్షు పది లక్షల గంటలకి తక్కువుండదని అచ్చేస్తున్నాయి. ఆ లెక్కన ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. రికార్డుల్లో చూస్తే రెండు నుంచి నాలుగు శాతం మామూలు, కొన్నిచోట్ల 13 దాకా ఉంది. అదైనా సరే, కంపెనీలు గొప్పలు చెప్పుకుంటాయిలే అని సరిపెట్టుకోవచ్చు. దానికన్నా పెద్ద కబురు, డిస్కులు గుంపుగా పోతున్నాయి. ఈ వారం ఎక్కువ పోతే వచ్చే వారం కూడా ఎక్కువ పోయే సూచన. అంటే ఒకదాని చావుకీ ఇంకోదాని చావుకీ సంబంధం ఉంది. తన పేరు ఉన్న సిద్ధాంతం కింద ఉన్న ఊహని తనే కొలిచి, అది నిలబడలేదని రాసి ఒప్పుకునే పరిశోధకులు ఎందరుంటారు? సాహిత్య విమర్శలో అయితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2010లో గూగుల్ వాళ్లే ఇంకా పైమెట్టు నుంచి చూశారు. వాళ్ల మెషీన్లు పనిచేయకుండా పోయిన సందర్భాల్లో 37 శాతం ఒంటరివి కావు. ఒకటి పోయిన కాసేపట్లోనే ఇంకోటి, ఇంకోటి. కారణాలు ఏ ఇంజనీరైనా ఊహించగలిగేవే: కరెంటు, నెట్‌వర్క్ స్విచ్చి, ఒకేసారి అందరికీ ఎక్కించిన కొత్త సాఫ్ట్‌వేర్. అందుకే మూడు కాపీలన్న అంకెతో పాటు, ఆ మూడు ఎక్కడెక్కడ ఉండాలో కూడా సిస్టమ్‌కి చెప్పాలి. ఒక్కసారిగా కలిసి పోయే వస్తువుల గుంపుని మా భాషలో ఫెయిల్యూర్ డొమైన్ అంటారు: ఒక మెషీన్, ఒక ర్యాక్, ఒక గది, ఒక ఊరు. శాంటా క్రూజ్‌లో సేజ్ వైల్ 2006లో సెఫ్ అనే సిస్టమ్ కట్టినప్పుడు అందులో ఈ గుంపుల పటాన్ని మనమే గీసివ్వాలని పెట్టాడు. హడూప్‌లోనూ ఏ మెషీన్ ఏ ర్యాక్‌లో ఉందో చెప్పే స్క్రిప్టు మనం రాసివ్వాలి. రాయకపోతే అది గొడవ చేయదు. అన్నీ ‘డిఫాల్ట్ ర్యాక్’ అనే ఒకే ర్యాక్‌లో ఉన్నాయనుకుని తన పని చేసుకుపోతుంది.

నా మొదటి ఉద్యోగంలో (కంపెనీ పేరు అనవసరం) నేను చేరేనాటికి అక్కడి క్లస్టర్ రెండేళ్లుగా అలా నడుస్తోంది. రిపోర్టులన్నీ ఆకుపచ్చగా ఉండేవి. ప్రతి ముక్కకీ మూడు కాపీలు ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి. ఒకరోజు ఒక ర్యాక్ స్విచ్చి పోయింది, వందల ఫైళ్లు కనబడకుండా పోయాయి, ఎందుకంటే వాటి మూడు కాపీలూ ఆ స్విచ్చి కిందే ఉన్నాయి. సాయంత్రానికి స్విచ్చి మార్చారు, డేటా వచ్చేసింది. నాకు గుర్తుండిపోయింది ఆ ఆకుపచ్చ రంగు. అది అబద్ధం చెప్పలేదు. ఎన్ని కాపీలు అని అడిగితే మూడు అంది. ఎక్కడ అని ఎవరూ అడగలేదు.

‘ఎక్కడ’ అన్న ప్రశ్నని స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2013లో ఇంకాస్త లోతుకి తీసుకెళ్లారు. కాపీసెట్స్ అనే ఆ పేపర్ గురించి నాలుగు మాటలు ఎక్కువ రాయాలనుంది. అయిదు వేల మెషీన్లున్నాయి. ప్రతి ముక్కకీ ఏవో మూడు మెషీన్లని లాటరీ తీసినట్టు ఎంచుకున్నాం. కోట్ల ముక్కలు. ఒకరోజు కరెంటు మొత్తం పోయి తిరిగొచ్చింది, నూటికి ఒకటి చొప్పున యాభై మెషీన్లు లేవలేదు. ముక్కలు ఎన్నో కోట్లు కాబట్టి, ఆ యాభైలోనే మూడు కాపీలూ ఇరుక్కున్న ముక్క ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎంత తప్పకుండా అంటే 99.99 శాతం. వాళ్ల ఉపాయం ఏమిటంటే, లాటరీ మానేసి మెషీన్లని ముందే కొన్ని జట్లుగా కట్టేయడం. ఒక ముక్క కాపీలన్నీ ఒక జట్టులోనే. అప్పుడు యాభై మెషీన్లు పోయినా ఒక పూర్తి జట్టు అందులో పడే అవకాశం 0.15 శాతానికి దిగుతుంది. ఉచితంగానా? కాదు. ఆ అరుదైన రోజు వచ్చిందంటే, ఒక ముక్కతో పోదు, ఆ జట్టు మోస్తున్న ముక్కలన్నీ పోతాయి. సగటు నష్టం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. తరచుగా కొంచెం కొంచెం పోగొట్టుకుంటారా, ఎప్పుడో ఒకసారి భారీగా పోగొట్టుకుంటారా అన్నది మన ఇష్టం. కంపెనీలు రెండోదే కోరుకుంటాయి, ఎందుకంటే ఒక్క ముక్క పోయినా వెయ్యి పోయినా వెతుకులాటా, కస్టమర్లకి సంజాయిషీ ఇచ్చుకోవడం తప్పవు. లైబ్రరీకి అయితే నేను మొదటిదే ఎంచుకుంటాను. అప్పుడప్పుడూ ఒక పుస్తకం కనబడకపోతే పాఠకుడు గోల చేస్తాడు, ఎవరో ఒకరు తమ దగ్గరున్నది పంపిస్తారు. అల్మరా అల్మరా పోయిన రోజున గోల చేయడానికి ఏమేం ఉండేవో కూడా ఎవరికీ గుర్తుండదు.

రీడ్, సాలమన్‌ల లెక్క మళ్లీ తిరిగొచ్చింది కూడా ఈ కాలంలోనే. కారణం సూటిగా డబ్బు. ఫేస్‌బుక్‌లో ఫోటోలు గుట్టలుగా పెరిగాయి, కొన్నాళ్లు పోయాక వాటిని చూసేవాళ్లు తగ్గిపోతారు. మూడు కాపీలూ, ఒక్కో చోట మళ్లీ రెయిడ్ ఖర్చూ కలుపుకుని ఒక్కో ఫోటోకి 3.6 ఇంతల చోటు పట్టేది. 2014లో వాళ్లు ప్రకటించిన ఎఫ్4 అనే సిస్టమ్‌లో చల్లారిపోయిన ఫోటోలని పది ముక్కలు చేసి, నాలుగు అదనపు ముక్కలు లెక్కగట్టి వేరువేరు ర్యాకుల్లో పెట్టారు. ఒక డేటా సెంటర్ మొత్తం పోయినా తట్టుకునే ఏర్పాటుతో సహా చోటు 2.1 ఇంతలకి దిగింది. పదునాలుగులో ఏ నాలుగు పోయినా డేటా ఉంటుంది. అయితే ఒక్క ముక్క పోయినా దాన్ని తిరిగి కట్టడానికి పది ముక్కలు చదవాలి. కె.వి. రష్మి, నిహార్ షా తదితరులు ఫేస్‌బుక్‌కే చెందిన ఇంకో క్లస్టర్‌ని పరిశీలించి 2013లో రాసిన దాని ప్రకారం, ఇలాంటి మరమ్మత్తుల కోసమే ర్యాకుల మధ్య రోజుకి 180 టెరాబైట్లకి పైగా డేటా ప్రయాణం చేసేది. చోటులో మిగిలింది దారిఖర్చుకి పోయిందన్నమాట. మైక్రోసాఫ్ట్ అజూర్ వాళ్లు 2012లో దీనికి ఒక మధ్యేమార్గం చూపించారు: పన్నెండు ముక్కలని రెండు ఆరుల జట్లుగా విడదీసి ఒక్కో జట్టుకి సొంతంగా ఒక ‘మొత్తం’, అందరికీ కలిపి ఇంకో రెండు. ఒకటి పోతే ఆరు చదివితే చాలు. చోటు 1.33 ఇంతలు. హడూప్‌లోకి ఈ రకం కోడింగ్ 2017 డిసెంబర్‌లో, మూడో వెర్షన్‌తో వచ్చింది. ఎవరికి ఏ అంకెలు సరిపోతాయన్నది పెద్ద చర్చ. ఇక్కడ వదిలేస్తున్నాను.

ఎంత మంచి అంకెలు ఎంచుకున్నా నిప్పుకి అవి తెలియవు. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. కొందరు కస్టమర్లు బ్యాకప్‌కి విడిగా డబ్బు కట్టారు, ఆ బ్యాకప్ కూడా అక్కడే ఉందని తర్వాత తేలి కోర్టుకెక్కారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి, ఉద్యోగుల పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. బయట బ్యాకప్ లేదు. అంత పెద్దదానికి తీయడం కష్టమని తీయలేదట.

ఇక మన పుస్తకాలు. గిబ్సన్ పనిచేసిన ఆ కార్నెగీ మెలన్‌లోనే, ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు, ఈ శతాబ్దం మొదట్లో పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయిద్దామని ఒక ప్రాజెక్టు తలపెట్టారు. భారత్, చైనా, ఈజిప్టు కలిసొచ్చాయి. 2007కి పదిహేను లక్షలు దాటాయి. మన దేశంలో దాని రూపం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, అందరి నోటా డీఎల్ఐ. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ బెంగుళూరులోనూ ఇంకొన్ని చోట్లా సర్వర్లు. తెలుగు పాత పుస్తకాల మీద ఏమాత్రం ఆసక్తి ఉన్నవాళ్లకైనా దాని కష్టాలు గుర్తుండే ఉంటాయి. పేజీలు టిఫ్ ఫైళ్లుగా వచ్చేవి, వాటికి బ్రౌజర్‌లో ఒక ప్లగిన్. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో. ఒక సర్వర్ పనిచేస్తే ఇంకోటి పడుకునేది. ఆ విసుగులో పేజీలని వరసగా దించి పీడీఎఫ్‌గా కుట్టిపెట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు ఎవరెవరో రాసుకున్నారు. జనం ఎవరికి కావాల్సినవి వాళ్లు దించుకుని దాచుకున్నారు. నమ్మకంగా పనిచేసి ఉంటే ఆ పని ఎవరూ చేసేవాళ్లు కాదని నా అనుమానం.

2017 ప్రాంతంలో ఆ సైటు కాపీరైట్ కారణాల మధ్య మూతపడింది. ఇది చూడండి: ఏ డిస్కూ పాడవలేదు, ఏ గదీ కాలలేదు. సర్వర్లు ఎన్ని ఊళ్లలో ఉన్నా అవన్నీ ఒకే నిర్ణయం కింద ఉన్నాయి. సెఫ్ పటంలో మెషీన్, ర్యాక్, గది, ఊరు అని గుంపులు గీసుకుంటాం కదా, వాటికి పైన ‘సంస్థ’ అని ఒక గుంపు ఉంటుంది, అది ఏ కాన్ఫిగరేషన్ ఫైల్లోనూ కనబడదు. అదృష్టం కొద్దీ అప్పటికే కార్ల్ మలమూద్ లాంటివాళ్లు లక్షల పుస్తకాలని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు. ఈ రోజు మనం అక్కడ ఒక పాత తెలుగు పుస్తకం తెరిస్తే, దాని చిరునామాలో ‘ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015’ అన్న తోక కనిపించేది అందుకే. పేరు చనిపోయిన సైటుది, ఇల్లు ఇంకొకరిది. 2024 అక్టోబర్‌లో ఆ ఇంటి మీద కూడా దాడి జరిగి కొన్ని రోజులు తలుపులు మూసుకున్నాయి. ఆ కొన్ని రోజుల్లో డీఎల్ఐ పుస్తకాలు వేరే ఎక్కడ దొరుకుతాయని వెతికితే, నాకు దొరికిన చోట్లు చాలావరకు ఆర్కైవ్‌కే దారి చూపించే లింకులు. కాపీలు కావు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కాపీలు ఎన్నున్నా స్కాన్‌లో 37వ పేజీ లేకపోతే అన్నిటిలోనూ లేదు. వేలు అడ్డొచ్చిన పేజీ అన్నిటిలోనూ వేలుతోనే ఉంటుంది. హ్యామింగ్ మెషీన్ పట్టుకోగలిగేది రాసిన తర్వాత మారిన అక్షరాన్నే. మొదటే రాయని అక్షరాన్ని ఏ లెక్కా తెచ్చివ్వదు. దానికి ఆ కాగితం పుస్తకం ఎక్కడో ఒక ఊరి లైబ్రరీలో ఉండాలి, పారేయకుండా.

ఆర్కైవ్ మూతపడ్డ ఆ రోజుల్లోనే మేం అయిదుగురం స్నేహితులం, రచయితలు పోయి అరవై ఏళ్లు దాటిన తెలుగు పుస్తకాల వరకు విడిగా దాచుదామని అనుకున్నాం. ఇంజనీర్లం కాబట్టి ముందు వాదన అంకెల మీదే. అయిదు ముక్కల్లో ఏ మూడున్నా చాలు అనే లెక్క పెడితే చోటు 1.67 ఇంతలు, ఇద్దరు పోగొట్టుకున్నా డేటా భద్రం. కాగితం మీద అందంగా ఉంది. తీరా చూస్తే ఇద్దరు గచ్చిబౌలిలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్. నలుగురు ఒకే ఆన్‌లైన్ సేల్‌లో ఒకే కంపెనీ డిస్కు కొన్నారు. ఒకరిది విజయవాడ సింగ్‌నగర్, 2024 సెప్టెంబర్ వరదల్లో గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది. మిగిలింది న్యూజెర్సీ. అయిదుగురిలో నిజంగా స్వతంత్రులు ముగ్గురు, పోనీ ముగ్గురున్నర.

దానికన్నా పెద్ద అభ్యంతరం మా విజయవాడ స్నేహితుడు లేవదీశాడు. ముక్కలుగా కోడ్ చేసి పెడితే, మనలో ఒకడు పోయాక వాడి పిల్లలు ఆ డిస్కు తగిలించి చూస్తే ఏం కనబడుతుంది? అర్థం లేని అంకెలు. ఒక్క ముక్కకి దానంతటది విలువ లేదు. మిగతావాళ్లు ఎవరో, ఏ ప్రోగ్రామ్‌తో కలపాలో తెలియకపోతే దాన్ని ఫార్మాట్ చేసి సినిమాలు ఎక్కించుకుంటారు. పూర్తి కాపీ అయితే ఎవరు తెరిచినా పుస్తకం కనిపిస్తుంది. చోటు మిగిల్చుకోవడానికి మనం ఖర్చుపెడుతున్నది ఆ సులువుని. ఫేస్‌బుక్‌కి అది ఖర్చు కాదు, దానికి ఎప్పుడూ ఒక ఇంజనీరు ఉంటాడు. మనకి ఉంటాడని నమ్మకమేంటి?

చివరికి మోటు పద్ధతే గెలిచింది. మూడు పూర్తి కాపీలు, మామూలు పీడీఎఫ్‌లు, పక్కన ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ రాసిన జాబితా. ఒకటి న్యూజెర్సీలో, ఒకటి గచ్చిబౌలిలో, మూడోది ఒంగోలులో మా అమ్మ బీరువాలో, వేరే కంపెనీ డిస్కు. దాని మీద ఏముందో తెలుగులో రాసి కాగితం అంటించాం. తాటాకుల్లాగే వీటినీ అప్పుడప్పుడూ తీసి చూడాలి కాబట్టి, సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ డిస్కుని తగిలించి మొదటి నుంచి చివరిదాకా చదివించాలని నియమం. మొన్న చదివిస్తే రెండు ఫైళ్ల చెక్‌సమ్ కలవలేదు. ఆ రెండూ న్యూజెర్సీ నుంచి తెప్పించుకుని ఎక్కించాం.